పాట, నాట్యం, బొమ్మ: అమెరికా కాలేజీ దరఖాస్తుకు ఆర్ట్స్ సప్లిమెంట్ జతచేయడం ఎలా

అమెరికాలో డిగ్రీకి దరఖాస్తు పెట్టేటప్పుడు మార్కులు, వ్యాసాలు, సిఫారసు లేఖలతో పాటు మీ కళను కూడా చూపించే వీలు చాలా కాలేజీలు ఇస్తాయి. దాన్ని ఆర్ట్స్ సప్లిమెంట్ అనో ఆర్ట్స్ పోర్ట్‌ఫోలియో అనో పిలుస్తారు. కంప్యూటర్ సైన్స్ చదవబోయే అమ్మాయి చిన్నప్పటి నుంచి నేర్చుకున్న కర్ణాటక సంగీతాన్ని, బయాలజీ చదవబోయే అబ్బాయి గీసిన బొమ్మల్ని కాలేజీ దృష్టికి తెచ్చే దారి ఇది. పంపి తీరాలన్న నియమం లేదు. కళనే ప్రధాన సబ్జెక్టుగా తీసుకునేవాళ్లకు పెట్టే ఆడిషన్లు, రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ లాంటి ఆర్ట్ స్కూళ్లు తప్పనిసరిగా అడిగే 12 నుంచి 20 బొమ్మల పోర్ట్‌ఫోలియో వేరే సంగతి. ఇక్కడ చెప్పేది తప్పనిసరి కాని సప్లిమెంట్ గురించే.

మీరు పంపింది ఎవరు చూస్తారో ముందు తెలుసుకోండి. పెద్ద కాలేజీల్లో అడ్మిషన్ ఆఫీసు దాన్ని ఆయా శాఖల అధ్యాపకులకు పంపుతుంది. సంగీతమైతే సంగీత శాఖ, బొమ్మలైతే చిత్రకళా శాఖ. వాళ్లు విని, చూసి, స్థాయి ఎలా ఉందో రెండు ముక్కల్లో రాసి వెనక్కి పంపుతారు. మీ ఫైలులోకి చేరేది ఆ రెండు ముక్కలే. ఒక్కొక్కరి ముందు వరసగా బోలెడు రికార్డింగులు ఉంటాయి కాబట్టి మొదటి నిమిషంలోనే చాలావరకు ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. పైగా ఆ అధ్యాపకుడు సెల్లో వాయించేవాడో, ఆధునిక నృత్యం నేర్పేవాడో కావచ్చు. ఆలాపన అంటే ఏమిటో, కూచిపూడి తరంగంలో కాళ్ల కింద పళ్లెం ఎందుకుందో ఆయనకు తెలియకపోవచ్చు. తక్కువ పంపడం, మొదటి నిమిషం గట్టిగా ఉండేలా చూడడం, ఏం వినాలో ఏం చూడాలో ఆయనకు చెప్పడం: కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ మూడింటి కోసమే.

పంపాలా, వద్దా

రంగప్రవేశం (తొలి పూర్తి ప్రదర్శన) అయింది కాబట్టి పంపేద్దాం అనుకోవడం మన ఇళ్లలో ఎక్కువ. ఆ లెక్క సరికాదు. ప్రత్యేకమైన ప్రతిభ ఉన్నవాళ్లే పంపమని చాలా కాలేజీలు తమ వెబ్‌సైట్లలోనే రాసి పెట్టుకున్నాయి. ఓ మోస్తరు రికార్డింగు పంపితే మేలు జరగకపోగా, దరఖాస్తులో మీరు గొప్పగా రాసుకున్న సంగీతం స్థాయి ఇంతేనా అన్న అభిప్రాయం పడుతుంది. చాలా కాలేజీలకు ఒకే చోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్ వెబ్‌సైటులో 10 వ్యాపకాలు రాసుకునే చోటు ఎలాగూ ఉంది. సంగీతం నేర్చుకున్నారన్న విషయం చెప్పడానికి అది చాలు. వినిపిస్తే తప్ప తెలియని స్థాయి ఉన్నప్పుడే సప్లిమెంట్ పంపాలి.

ఈ తీర్పు ఇంట్లోవాళ్లు, గురువుగారు చెప్పేది కాదు. మిమ్మల్ని ఎరగని విద్వాంసుడికో నర్తకికో మూడు నిమిషాల రికార్డింగు వినిపించి, ఈ వయసు పిల్లల్లో ఇది ఏ స్థాయిలో ఉందని సూటిగా అడగండి. "బాగుంది, సాధన చెయ్యాలి" అన్నారంటే పంపవద్దని అర్థం చేసుకోండి.

తర్వాత ప్రతి కాలేజీ నియమం విడివిడిగా చూడాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు మామూలు దరఖాస్తుతో ఇలాంటివి తీసుకోవు. లాస్ ఏంజెలెస్ క్యాంపస్ అయిన యూసీఎల్‌ఏలో కళల విభాగాల్లో చేరేవాళ్ల లాంటి కొందరికే అక్కడ పోర్ట్‌ఫోలియో ఉంటుంది. తీసుకోం అని చెప్పిన చోటికి యూట్యూబ్ లింకు వ్యాసంలో దూర్చి పంపడం, పెన్‌డ్రైవ్ పోస్టు చేయడం లాంటివి చేయకండి. చెప్పింది చదవని విద్యార్థి అన్న ముద్ర పడుతుంది.

దారి ఎక్కడ మొదలవుతుంది

ఎక్కువ కాలేజీలు స్లైడ్‌రూమ్ అనే వెబ్‌సైటు ద్వారా తీసుకుంటాయి. కామన్ యాప్‌లో కాలేజీని జాబితాలో చేర్చి, ఆ కాలేజీ ప్రశ్నల్లో ఆర్ట్స్ పోర్ట్‌ఫోలియో పంపుతారా అన్నదానికి అవునంటే స్లైడ్‌రూమ్ లింకు తెరుచుకుంటుంది. కొన్నిచోట్ల దరఖాస్తు సమర్పించాక, కాలేజీ ఇచ్చే సొంత పోర్టల్‌లో ఆ లింకు కనిపిస్తుంది. ఎంఐటీకి కామన్ యాప్ ఉండదు, దాని దరఖాస్తు దానిదే. పోర్ట్‌ఫోలియో మాత్రం అక్కడా స్లైడ్‌రూమ్‌లోనే. చాలాచోట్ల ఒక్కో కాలేజీకి విడిగా రుసుము ఉంటుంది. దరఖాస్తు రుసుము మినహాయింపు దొరికినవాళ్లు దీనికి కూడా మినహాయింపు అడగవచ్చు.

స్లైడ్‌రూమ్‌లో సాధారణంగా కనిపించే పరిమితులు ఇవి: ఒక్కో ఫొటో 5 ఎంబీ, ఆడియో 30 ఎంబీ, పీడీఎఫ్ 10 ఎంబీ, వీడియో 250 ఎంబీ. యూట్యూబ్, విమియో, సౌండ్‌క్లౌడ్ లింకులు కూడా చాలాచోట్ల పెట్టవచ్చు. ఎన్ని ఫైళ్లు, ఎన్ని నిమిషాలు అన్నది మాత్రం కాలేజీని బట్టి మారుతుంది. అందుకే ఒక కాగితం మీద కాలేజీ పేరు, గడువు, గడువు ఏ టైమ్ జోన్‌లో, ఫైళ్ల సంఖ్య, నిడివి, వివరణకు ఇచ్చిన అక్షరాల పరిమితి, రుసుము అని గీతలు కొట్టి నింపుకోండి. ఏడెనిమిది కాలేజీలు ఉన్నప్పుడు అన్నిటికంటే కఠినమైన నియమానికి సరిపోయేలా రికార్డు చేస్తే మిగతావాటికి అదే సరిపోతుంది.

సంగీతం: ఏం పాడాలి

సాధారణంగా అడిగేది ఒకదానికొకటి భిన్నంగా ఉండే రెండు అంశాలు, మొత్తం 10 నిమిషాల లోపు. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. కల్యాణిలో ఒక కృతి, తోడిలో ఒక కృతి పంపి రెండూ వేరువేరని అనుకుంటారు. రాగభేదం పట్టే చెవి లేనివారికి, రెండూ ఆది తాళంలో, మధ్యమకాలంలో, ఒకే తీరు పక్కవాద్యాలతో వస్తే దాదాపు ఒకటిలాగే వినిపిస్తాయి. భేదం అందరికీ తెలిసేలా ఉండాలి. వేగంలో, తాళంలో, పాడే పద్ధతిలో.

గాత్రానికి బాగా పనిచేసే కూర్పు ఒకటి చెబుతాం. మొదటిది ఆరు నిమిషాలు: నిమిషంన్నర ఆలాపన, కృతిలో పల్లవి, అనుపల్లవి, తర్వాత అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు. రెండోది మూడున్నర నిమిషాలు: విళంబంలో, అంటే నెమ్మదిగా నడిచే పదం (భావం ప్రధానమైన ఒక రకం పాట). అందులో గమకం నిలకడ, ఊపిరి, సాహిత్యం పలికే తీరు తెలుస్తాయి. కృతి మొత్తం పాడి తీరాలనేమీ లేదు. చరణం వదిలేసి స్వరాలకు వెళ్లడం కచేరీలో బాగుండదు కానీ ఇక్కడ తప్పు కాదు, వివరణలో ఆ మాట రాస్తే చాలు. మృదంగం వాయించేవాళ్లు తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వినిపించే భాగం) ఒక్కటే పంపుతుంటారు. నాలుగైదు నిమిషాల తనితో పాటు, ఒక పాటకు పక్కవాద్యంగా వాయించిన నాలుగు నిమిషాలు కూడా పెట్టండి. ఎదుటివాళ్లను వింటూ వాయించగలరా అన్నది కాలేజీ వాద్యబృందాల్లో చేర్చుకునే అధ్యాపకుడికి చాలా ముఖ్యం. పియానో, వయొలిన్ లాంటి పాశ్చాత్య వాద్యాలైతే రెండు వేరువేరు కాలాల రచనలు ఎంచుకోండి. పియానో తోడు ఉండాల్సిన రచనను ఒంటరిగా వాయించి పంపవద్దు.

రెండింటిలో బలమైనదే ముందు ఉండాలి. కచేరీ క్రమం ప్రకారం వర్ణంతో మొదలుపెట్టాలన్న పట్టింపు ఇక్కడ అక్కర్లేదు. రికార్డింగు మొదట్లో అర నిమిషం తంబురా మోగుతూ ఉండడం, దైవప్రార్థన, పరిచయ వాక్యాలు, పేరుతో కదిలే టైటిళ్లు అన్నీ తీసేయండి. ఒక్క సెకను నిశ్శబ్దం, వెంటనే మొదటి స్వరం.

రికార్డింగు

స్టూడియో తప్పనిసరి కాదు. కానీ ఫోను మంచం మీద పెట్టి పాడితే కుదరదు. గది ఎంపికే సగం పని. గచ్చు నేల, నున్నటి గోడలు, ఖాళీ హాలు ఉంటే గొంతు చుట్టూ మోత చేరి గమకాలు కలిసిపోతాయి. పుస్తకాల బీరువా, పరుపు, మందపాటి తెరలు ఉన్న పడకగది మేలు. గోడకు ఎదురుగా రెండు దుప్పట్లు వేలాడదీస్తే ఇంకా మంచిది. ఫ్యాను, ఏసీ, పక్కగదిలో ఫ్రిజ్ ఆపండి.

మైకు నోటికి 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. సూటిగా పెడితే ప, బ లాంటి అక్షరాల దగ్గర గాలి కొడుతుంది. శ్రుతి వేరే ఫోనులో, రెండు మీటర్ల దూరంలో, వినీ వినిపించనంత చిన్నగా మోగనివ్వండి. రికార్డు చేసే ఫోనులోనే శ్రుతి యాప్ పెట్టకండి. ఇక అతి ముఖ్యమైన జాగ్రత్త: ఫోనులోనో యాప్‌లోనో ఉండే నాయిస్ రిడక్షన్, వాయిస్ ఐసోలేషన్ లాంటివన్నీ తీసేయాలి. ఎడతెగకుండా ఒకే తీరుగా మోగే తంబురాను అవి రొదగా లెక్కగట్టి తుడిచేస్తాయి. దానితో పాటు సాగదీసిన స్వరం చివరలు కూడా తెగిపోతాయి. జూమ్ కాల్‌లో రికార్డు చేసింది ఎందుకూ పనికిరాకపోవడానికి కారణం ఇదే.

లెవల్ చూసుకునేటప్పుడు పల్లవి పాడి సరిపెట్టుకోవద్దు. తారస్థాయికి వెళ్లే సంగతి ఒకటి గొంతు విప్పి పాడి, అక్కడ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టండి. హద్దు దాటి పగిలిన శబ్దాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. తక్కువగా వచ్చినదాన్ని పెంచవచ్చు. మృదంగం ఉంటే వాయించేవారిని మైకుకు ఒకటిన్నర, రెండు మీటర్లు వెనక్కి కూర్చోబెట్టండి. తొప్పి (మృదంగం ఎడమవైపు) మోత గొంతును మింగేయడం ఇంటి రికార్డింగుల్లో ఎప్పుడూ ఉండే ఫిర్యాదే.

వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేసి దాచుకోండి. పంపడానికి 320 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే 10 నిమిషాలకు 24 ఎంబీ అవుతుంది, 30 ఎంబీ పరిమితిలో ఇమిడిపోతుంది. ప్రతిధ్వని కలపడం, శ్రుతి సవరించే సాఫ్ట్‌వేరు వాడడం, మూడు టేకుల్లోంచి ముక్కలు కోసి అతకడం వద్దు. సంగీత శాఖలో చెవి తేరినవాళ్లు ఇవి ఇట్టే పడతారు. ఆపైన రికార్డింగు మొత్తాన్నే అనుమానంతో వింటారు. చిన్న తప్పు ఉన్నా ప్రాణం ఉన్న టేకు, తప్పు లేకపోయినా జాగ్రత్తగా పాడిన చప్పటి టేకు రెండూ ఉంటే మొదటిదే పంపండి.

కూచిపూడి, భరతనాట్యం

రంగప్రవేశం వీడియో చేతిలో ఉంది కదా, కొత్తగా తీయడం ఎందుకు అనిపిస్తుంది. ఆ వీడియోలో ఏముంటుందో ఒకసారి చూడండి. మూడు కెమెరాల మధ్య నాలుగు సెకన్లకోసారి మార్పు, జతి నడుస్తుండగా ముఖం క్లోజప్, పాదాలు ఫ్రేములో లేని షాట్లు, ఎర్రటి లైట్లలో ఆరిపోయిన ముఖం, కింద పేరుతో పరుగెత్తే పట్టీ. నాట్యం చూసే అధ్యాపకుడికి కావలసింది దీనికి పూర్తిగా విరుద్ధం. ఒకే కెమెరా, ఒకే టేకు, తల నుంచి పాదాల దాకా ఎప్పుడూ ఫ్రేములో. అందుకే విడిగా తీయండి.

ఫోను అడ్డంగా, ట్రైపాడ్ మీద, నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తున పెట్టండి. గది చాలడం లేదని ఎక్కువ వెడల్పు చూపే 0.5 లెన్సుకు మారకండి. అంచుల దగ్గర చేతులు సాగిపోయి అరమండి (మోకాళ్లు వంచి నిలిచే భంగిమ) కూడా వంకరగా కనిపిస్తుంది. 1 లెన్సుతోనే ఐదారు మీటర్లు వెనక్కి జరగండి. ఇంట్లో చోటు లేకపోతే స్కూలు జిమ్నాసియమో, సంఘం హాలో ఒక గంట తీసుకోండి. చెక్క నేల అయితే అడుగు శబ్దం స్పష్టంగా వస్తుంది. మందపాటి కార్పెట్ దాన్ని మింగేస్తుంది. వెనక గోడ ఖాళీగా, దుస్తుల రంగుకు భిన్నంగా ఉండాలి. పూర్తి ఆహార్యం అక్కర్లేదు, సాధన చీర, గజ్జెలు చాలు. అడుగులు, మోకాళ్లు, మడమలు బాగా కనిపిస్తాయి కాబట్టి అదే మేలు కూడా.

పాటను గదిలో స్పీకర్ మీద వేసి ఫోనుతో తీస్తే పాట గుహలోంచి వచ్చినట్టు ఉంటుంది. తర్వాత ఎడిటింగులో శుభ్రమైన పాటను కలిపితే గజ్జెల శబ్దం మాయమవుతుంది, అప్పుడు లయ మీద మీ పట్టు తెలియదు. రెండూ ఉంచండి. ఎడిటింగులో శుభ్రమైన ట్రాకు ప్రధానంగా పెట్టి, గది శబ్దాన్ని గజ్జెలు వినిపించేంత మేరకు కింద కలపండి. రెండింటి సమయం సరిగ్గా కలవాలంటే, షాట్ మొదట్లో ఒక చప్పట కొట్టి తర్వాత దాన్ని కత్తిరించండి.

ఏం ఎంచుకోవాలన్నదానికి కూచిపూడిలో మంచి వీలుంది. తరంగంలో పళ్లెం మీద నడిచే మూడు నాలుగు నిమిషాలు, పదమో జావళో ఒకటి మూడు నిమిషాలు. లయ, అభినయం రెండూ తేలిపోతాయి. పళ్లెం భాగానికి కెమెరాను 80 సెంటీమీటర్లకు దించితే పళ్లెం అంచును పాదాలు పట్టుకున్న తీరు కనిపిస్తుంది. అభినయానికి మాత్రం మరో రెండు మీటర్లు దగ్గరికి రండి. కనుల కదలిక దూరం నుంచి చేరదు. బృందనాట్యం పంపకండి. తప్పదంటే మీరు ఎక్కడున్నారో, ఏ రంగు చీరలో ఉన్నారో మొదటి వాక్యంలోనే రాయండి.

ఫైలు బరువు సంగతి. 1080 పిక్సెళ్లలో ఫోను తీసే వీడియో నిమిషానికి 60 ఎంబీ దాకా ఉండవచ్చు. పది నిమిషాలు 600 ఎంబీ అవుతుంది, 250 ఎంబీ పరిమితికి అది ఎక్కదు. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేరులో సగటు బిట్‌రేటు 2800 కేబీపీఎస్, ఆడియో 192 పెడితే పది నిమిషాలు దాదాపు 225 ఎంబీకి దిగుతుంది, కంటికి తేడా పెద్దగా తెలియదు. యూట్యూబ్ లింకు ఇస్తే "అన్‌లిస్టెడ్"లో పెట్టాలి. "ప్రైవేట్"లో ఉంచితే చూసేవారికి తెరుచుకోదు. మరో చిక్కు: మీరు వాడిన పాట ఏదో కంపెనీ ఆల్బమ్‌లోది అయితే యూట్యూబ్ దాన్ని గుర్తుపట్టి శబ్దం ఆపేయవచ్చు, కొన్ని దేశాల్లో కనిపించకుండా చేయవచ్చు. నాట్యానికి నేరుగా ఫైలు ఎక్కించడమే క్షేమం.

వివరణ: అసలు బలం ఇక్కడుంది

ప్రతి ఫైలు పక్కన రెండు మూడు వాక్యాలు రాసుకునే పెట్టె ఉంటుంది. చాలామంది అక్కడ రాగం, తాళం, రచయిత పేరు రాసి వదిలేస్తారు. వినేవారికి రాగం పేరు ఏమీ చెప్పదు. పైగా మన సంగీతంలో అతి గొప్ప సంగతి, అప్పటికప్పుడు అల్లి పాడే మనోధర్మం, వాళ్లకు అసలు తెలియకుండా పోతుంది. కల్పనస్వరాలు విన్న పాశ్చాత్య సంగీత అధ్యాపకుడు అది కూడా రచనలో భాగమే, కంఠతా పట్టి పాడింది అనుకుంటాడు. అప్పటికప్పుడు అల్లుతున్నారని తెలిసిన మరుక్షణం ఆయన వినే తీరే మారిపోతుంది.

ఇంగ్లిషులో రాయాల్సిన వివరణ ఏ తీరుగా ఉండాలో తెలుగులో చూపిస్తే: "మోహన రాగం, ఐదు స్వరాలు. 0:00 నుంచి 1:30 వరకు ఆలాపన. తాళం లేదు, అప్పటికప్పుడు పాడింది. 1:30 నుంచి కృతి, 8 దెబ్బల తాళచక్రం. 4:10 నుంచి స్వరాలు, ఇవీ ముందుగా రాసుకున్నవి కావు. వయొలిన్ నేను పాడినదాన్ని విని జవాబిస్తుంది. 5:35 దగ్గర ఒకే లెక్క మూడుసార్లు వచ్చి పల్లవి ఎత్తుగడ మీద కలుస్తుంది." ఇంతే. పొగడ్త లేదు, చరిత్ర లేదు, వేల ఏళ్ల సంప్రదాయం అన్న మాట లేదు. ఎక్కడ వినాలో సమయంతో సహా ఉంది. మూడుసార్లు వచ్చే ఆ చివరి ముక్తాయింపు ఇంట్లో లెక్కగట్టి సాధన చేసినదైతే, చేసినట్టే రాయండి. స్వరాలన్నీ గురువుగారు రాసిచ్చినవైతే అప్పటికప్పుడు పాడాను అనకండి. పక్కవాద్యాలు వాయించింది వృత్తి కళాకారులా, తోటి విద్యార్థులా అన్నది కూడా చెప్పాలి.

నాట్యానికీ ఇదే పద్ధతి. సాహిత్యం అర్థం ఒక్క వాక్యంలో, అందులో నాయిక ఎవరితో ఏమంటోందో చెప్పండి. నృత్యం ఎవరు కూర్చారు, మీరు సొంతంగా చేసిన భాగం ఏదైనా ఉందా అన్నది రాయండి. ముద్రల జాబితా వద్దు.

బొమ్మలు

కాలేజీ పదో ఇరవయ్యో అనుమతించిందని అన్నీ నింపకండి. బలహీనమైన రెండు బొమ్మలు మిగతావాటి విలువను కిందికి లాగుతాయి. అమెరికా హైస్కూళ్లలోని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) ఆర్ట్ అండ్ డిజైన్ కోర్సు చేసినవాళ్ల దగ్గర ఒకే ఆలోచన మీద సాగిన 15 చిత్రాల వరస ఉంటుంది. అందులోంచి ఏడెనిమిది ఏరుకుంటే వరసకు ఒక దిశ ఉంటుంది. ఫొటో చూసి అచ్చంగా దింపిన సినిమా తారల, దేవుళ్ల బొమ్మలు మన ఇళ్లలో మెప్పు పొందుతాయి కానీ ఇక్కడ నిలవవు. చూసి నేరుగా గీసినవి, సొంత ఊహ ఉన్నవి ముందుంటాయి.

ఫొటో తీయడంలో పాడయ్యే బొమ్మలే ఎక్కువ. ఫ్రేము, అద్దం తీసేయండి. బొమ్మను గోడకు నిటారుగా పెట్టి, కెమెరా లెన్సును బొమ్మ మధ్యకు సూటిగా ఉంచండి. కొంచెం వాలినా చతురస్రం ఒకవైపు వెడల్పుగా, మరోవైపు ఇరుకుగా మారుతుంది. రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో ఒకే రంగు వెలుతురు ఇవ్వండి, లేదా మబ్బు పట్టిన రోజు ఆరుబయట నీడలో తీయండి. ఫ్లాష్ వద్దు. నిర్మల్ బొమ్మల్లా వార్నిష్ మెరిసేవాటికి కెమెరా ముందు నల్లగుడ్డ వేలాడదీసి, లెన్సు మాత్రం దానిలోని కంతలోంచి బయటకు ఉంచండి. అప్పుడు గది ప్రతిబింబం పడదు. కలంకారీ గుడ్డను వెనకవైపు ఇస్త్రీ చేసి, ముడత లేకుండా పిన్నులతో బిగించి తీయాలి. దానికి మొత్తం ఫొటోతో పాటు కలం గీత కనిపించే దగ్గరి ఫొటో ఒకటి పెట్టండి. లేకపోతే అది అచ్చు వేసిన గుడ్డో, చేత్తో గీసిందో చూసేవారికి తెలియదు. చేర్యాల పటం లాంటి సంప్రదాయ శైలిలో గీస్తే ఏది పాత నమూనా, ఏది మీ కూర్పు అన్నది విడదీసి రాయాలి.

పొడవైన అంచు 2000 పిక్సెళ్లు, ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు వాడే మామూలు రంగుల పద్ధతి) రంగులో జేపెగ్ చేస్తే 5 ఎంబీ లోపే ఉంటుంది. ప్రతి బొమ్మకూ పేరు, ఏడాది, వాడిన రంగులు, కొలత రాయండి. ఏఐతో తెచ్చిన బొమ్మను మీదిగా చూపితే అది మోసం కిందికి వస్తుంది. కామన్ యాప్ నియమాల్లో ఆ మాట ఉంది.

రచనలు, యంత్రాలు

ప్రిన్స్‌టన్ లాంటి కొన్ని చోట్ల కవిత్వం, కథ కూడా పంపవచ్చు. తెలుగులో రాసేవాళ్లు మూలం, దాని పక్కనే మీరే చేసిన ఇంగ్లిషు అనువాదం పెట్టండి, అనువాదం మీదేనని రాయండి. తెలుగు ఉన్న ఫైలును వర్డ్‌లో అలాగే పంపితే ఎదుటివారి కంప్యూటర్లో వత్తులు విడిపోయి, గుణింతాలు చుక్కల వలయాలుగా మారవచ్చు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసినదైతే మొత్తం పిచ్చి అక్షరాలే. యూనికోడ్‌లో టైపు చేసి, ఫాంటు లోపలే ఇమిడేలా పీడీఎఫ్ చేసి, తెలుగు లేని వేరే కంప్యూటర్లో తెరిచి చూశాకే పంపండి.

ఎంఐటీలో సంగీత నాటకాలకు, చిత్రకళ వాస్తుకళలకు, పరిశోధనకు విడి పోర్ట్‌ఫోలియోలు ఉన్నట్టే, సొంతంగా వస్తువులు తయారుచేసేవాళ్లకు మేకర్ పోర్ట్‌ఫోలియో ఉంది. అక్కడ మెరిసే తుది ఫొటో కంటే, మొదట విరిగిన భాగం, ఎందుకు విరిగింది, ఏం మార్చారు అన్నవి చూపే ఫొటోలకు విలువ ఎక్కువ. జట్టుగా చేసిన రోబో అయితే అందులో మీ చేతి పని ఏదో వేలు పెట్టి చూపించాలి.

గురువుగారి లేఖ, ఒక పేజీ కళా పరిచయం

కొన్ని కాలేజీలు కళ నేర్పినవారి లేఖ తీసుకుంటాయి. కామన్ యాప్‌లో దీనికి బడి టీచర్లకు కాకుండా వేరే సిఫారసుదారుల చోటు ఉంటుంది. "వినయం గల అమ్మాయి, క్రమశిక్షణ గల విద్యార్థిని" అన్న లేఖ వల్ల ఏమీ ఒరగదు. ఏ వయసులో వచ్చింది, ఇప్పుడు ఏమేం పాడగలదు, కొత్త కృతి పట్టుకోవడానికి ఎంత కాలం పడుతుంది, తన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఏ స్థాయి, ఏ కష్టాన్ని ఎలా దాటింది అన్నవి కావాలి. గురువుగారికి ఇంగ్లిషులో రాయడం ఇబ్బందైతే తెలుగులో చెప్పమని, కుటుంబానికి సంబంధం లేని ఒకరి చేత అనువాదం చేయించి, సంతకం గురువుగారి చేత పెట్టించండి. లేఖ మీరే రాసి ఇవ్వడం, తల్లిదండ్రులు రాసి ఇవ్వడం చేయకూడదు.

కళా పరిచయం ఒక్క పేజీ మించవద్దు. గురువులు, ఏడాదులు, వచ్చిన అంశాలు, ముఖ్యమైన ప్రదర్శనలు. అమెరికాలో జరిగే క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనోత్సవంలో పోటీకి పాడితే అది రాయండి, ప్రతి సంఘం ఉగాది వేడుకా రాయనక్కర్లేదు. ఇచ్చిన శాలువాలు, జ్ఞాపికల ఫొటోలు వద్దు.

గడువులు, సమర్పణ

కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ముందస్తు దరఖాస్తులకు చాలాచోట్ల నవంబరు 1, మామూలువాటికి జనవరి మొదటి వారం గడువు. పోర్ట్‌ఫోలియో గడువు వీటితో కలిసే ఉంటుందనుకోవద్దు. స్టాన్‌ఫర్డ్ లాంటి చోట్ల అది దరఖాస్తు గడువు కంటే ముందే వస్తుంది, మరికొన్ని చోట్ల కొన్ని రోజులు ఎక్కువ ఇస్తారు. పదకొండో తరగతి అయిన వేసవిలో, జూన్‌లో అంశాలు ఎంచుకుని, ఆగస్టులోపు రికార్డింగు ముగిస్తే సెప్టెంబరులో వివరణలు నిదానంగా రాసుకోవచ్చు. అక్టోబరులో గొంతు పట్టేసిందనో, మృదంగం వాయించేవారు ఊళ్లో లేరనో ఆగిపోయే పరిస్థితి రాదు.

హైదరాబాద్, విజయవాడ నుంచి పంపేవాళ్లు టైమ్ జోన్ ముందే చూసుకోండి. కామన్ యాప్ గడువు మీరున్న ఊరి గడియారం ప్రకారం రాత్రి 11:59. స్లైడ్‌రూమ్ గడువు మాత్రం కాలేజీ చెప్పిన టైమ్ జోన్‌ది. అమెరికా తూర్పు తీరంలో జనవరి 1 రాత్రి 11:59 అంటే మనకు జనవరి 2 ఉదయం 10:29. ఆ పది గంటల మీద ఆశ పెట్టుకోకండి. 250 ఎంబీ వీడియో ఎక్కడం, దాన్ని వెబ్‌సైటు తన ఫార్మాట్‌లోకి మార్చుకోవడం రెండింటికీ సమయం పడుతుంది, చివరి రాత్రి ఇంకా ఎక్కువ పడుతుంది. కనీసం మూడు రోజుల ముందు ఎక్కించండి.

సమర్పించే బటన్ నొక్కేముందు ఎక్కించిన ప్రతి ఫైలునూ వెబ్‌సైటులోనే, మొదటి నుంచి చివరి దాకా, ఇయర్‌ఫోన్లలో వినండి, చూడండి. శబ్దం ఒక చెవిలోనే రావడం, వీడియో పక్కకు తిరిగిపోవడం, పాత టేకు పొరపాటున ఎక్కడం ఇక్కడే బయటపడతాయి. సమర్పించాక మార్చడం కుదరదు. ఫైలు పేర్లు కూడా "ఫైనల్ కొత్తది 3" అని కాకుండా ఇంటిపేరు, అంశం పేరు, వరస సంఖ్యతో ఇంగ్లిషు అక్షరాల్లో ఉండాలి.

పంపాక వచ్చే ఈమెయిల్ రసీదు దాచుకోండి. కాలేజీ పోర్టల్‌లోని జాబితాలో పోర్ట్‌ఫోలియో చేరినట్టు కనిపించడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. వారం దాటినా కనిపించకపోతే రసీదు జతచేసి అడ్మిషన్ ఆఫీసుకు ఒక చిన్న ఈమెయిల్ రాయండి, అది విద్యార్థి పేరు మీదే వెళ్లాలి. ఇంకా మంచి టేకు వచ్చిందని రెండో రికార్డింగు పంపవద్దు. ముందస్తు దరఖాస్తు వాయిదా పడి మామూలు జాబితాలోకి వెళితే మాత్రం, ఆ మధ్యలో నిజంగా చెప్పుకోదగ్గ కచేరీయో బహుమతో వచ్చి ఉంటే, పోర్టల్‌లో ఒక పేరా రాసి పెట్టవచ్చు.